కొండలయ్య పికప్పు, పీరు పెన్సిలు

ఆత్మకూరు,
12 జనవరి 1979

ఒరే కొండలయ్యా,

ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల ప్రజలందరికీ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, నిన్న గురువారం ఉదయం పది గంటల వేళ, శ్రీ కొండలయ్య గారి పికప్పు బండి వెనక తొట్టిలో, ఎడమ మూలన, ఒక కోడి గుడ్డు పెట్టినది. కోడి క్షేమం. కోడి ఎవరిదో విచారణ జరుగుచున్నది. గుడ్డు మాత్రం మా జైతూన్ పెనం మీదికి చేరినందువల్ల సాక్ష్యం మిగలలేదు.

ఇక పని సంగతి. బండి నా షెడ్డులో వదిలి బస్సెక్కేటప్పుడు నువ్వు చెప్పినవన్నీ వరసగా రాస్తున్నా. తర్వాత నేనట్లా అనలేదంటావని తెలుసు. మనం నాలుగో తరగతిలో ఉన్నప్పటి నుంచీ నీ అలవాటు అదే, నేను ఆ తరగతితో చదువు చాలించినా అది మాత్రం గుర్తుంది. వెనక తొట్టి పీకెయ్యాలి. కేబిన్ వెనక గోడ కోసెయ్యాలి. పైపులు వంచి చట్రం నిలబెట్టి, రేకు తొడిగి, ముందు నుంచి వెనకదాకా ఒకే కప్పు కింద మూసిన బాడీ కట్టాలి. రెండు పక్కలా జరిపే అద్దాలు. వెనక ఒక తలుపు, ముసలివాళ్లు ఎక్కేంత కిందికి మెట్టు. లోపల అటొక బల్ల, ఇటొక బల్ల, ఒకదాని మీద జబ్బు మనిషి కాళ్లు చాపి పడుకోవాలి. జూన్ ఒకటో తేదీలోపు బ్రేకు ఇన్‌స్పెక్టరు చేత పాసు చేయించి నీ చేతికివ్వాలి. ఇంతే గదా? ఇంకేమన్నా మిగిలితే ఇప్పుడే రాయి. రేకు కోశాక గుర్తొచ్చినవాటికి నేను జవాబుదారీ కాదు.

తొట్టి నిన్ననే దించాను. తొట్టి లేకుండా నీ బండి చొక్కా విప్పిన పహిల్వాను మాదిరి ఉంది.

ఒక సంగతి. మర్రిపాడు లారీల నారాయణయ్య ఇటు పోతూ షెడ్డులోకి వచ్చాడు. బానెట్ ఎత్తించి, నీ ఇంజను శబ్దం కళ్లు మూసుకుని విన్నాడు. “పీరూ, ఈ ఇంజను నాకిచ్చి నాది దీంట్లో పెట్టు. ఆ కొండలయ్యకి తేడా ఏం తెలస్తాది” అన్నాడు. ఆలోచించి చెప్తానని టీ తాపి పంపించాను. నీ అభిప్రాయం ఏందో రాయి.

రెబెకమ్మక్క కాలికట్టు ఎప్పుడు విప్పుతారు? అంతదాకా నీ వంట తినాల్సి వచ్చినందుకు మా ఇంట్లో అందరం ఆమె కోసం దువా చేస్తున్నాం.

నీ
పీర్ మహమ్మద్


ఉదయగిరి,
20 జనవరి 1979

పీరుకు కొండలయ్య వందనాలు.

కోడిగుడ్డు సంగతి చదివి రెబెకమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. కోడి వచ్చి తొట్టిలో గుడ్డు పెట్టిందంటే, దానికి భయం లేనన్ని రోజులు ఆ బండిని ఎవరూ ముట్టుకోలేదని అర్థం. బండి నీకు అప్పగించింది జనవరి రెండున. పన్నెండు దాకా ఏం చేశావు?

నారాయణయ్యకు నీ షెడ్డులో ఏం పని? నా ఇంజను శబ్దం ఆయన ఎందుకు వినాలి? ఆలోచించి చెప్తానని నువ్వు ఎందుకు అన్నావు?

పీరూ, నీకు అన్నీ తమాషానే. నాకు కాదు. ఆ బండిని ఆస్పత్రిలో ఇరవై రెండేళ్లు నేనే నడిపాను. అది పాతదయిందని వేలం వేశారు, నేను పాతవాణ్ణయినానని ఇంటికి పంపారు. నేను దాన్ని కొన్నాను. ఇప్పుడు డాక్టర్ ఆనందమ్మ గారు సొంతంగా వరికుంటపాడు వైపు పల్లెలు తిరిగి వైద్యం చేయబోతున్నారు. ఆమెకు మూసిన బండి కావాలి. తెరిచిన తొట్టిలో బాలింతను ఎండలో తీసుకుపోవడం ఆమె వల్ల కాదంట. జూన్ ఒకటికి నీ బండి సిద్ధంగా ఉంటే నువ్వే నడుపు, లేకపోతే తిరుపాలు జీపు మాట్లాడుకుంటాను అన్నారు. తిరుపాలుకు ముప్పై ఏళ్లు. నాకు యాభై రెండు. ఈ పని పోతే మళ్లీ నా చేతికి స్టీరింగు ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు.

ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక షెడ్డువాడికి బండి వదిలితే కొత్త డైనమో పీకి పాతది బిగించాడు. నాకు తెలిసేసరికి ఆరు నెలలయింది. అందుకని ఒక నియమం పెడుతున్నాను. నువ్వు రాసే ప్రతి ఉత్తరంతో పాటు ఇంజను నంబరుకు ఒకటి, చాసీ నంబరుకు ఒకటి, పెన్సిల్ అచ్చులు పంపాలి. ఇనుము మీద కొట్టిన నంబరు పైన కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దడమే. ఇన్‌స్పెక్టరు ఫారానికి నువ్వు ఎన్నోసార్లు తీసి ఉంటావు. ఆర్.సి. బుక్కు నా బైబిలులో ఉంది. ప్రతిసారీ పోల్చి చూసుకుంటాను.

నేనే వచ్చి చూసుకునేవాణ్ణి. కాలికట్టుతో ఉన్న మనిషిని వదిలి పూట గడిచేదాకా బస్సులో కూర్చోలేను.

ఇట్లు,
కొండలయ్య


ఆత్మకూరు,
3 ఫిబ్రవరి 1979

ఒరే కొండలయ్యా,

నీ ఉత్తరం షెడ్డులో గట్టిగా చదివి వినిపించాను. జైతూన్ విని, “ఆయన పెండ్లికి ముందు రెబెకమ్మకి గూడా అచ్చు తీసి పెట్టుకున్నాడేమో అడుగు” అంది. అడుగుతున్నా. తీశావా?

ఇదిగో నీ అచ్చులు. రెండూ ఇందులోనే మడిచి పెట్టాను. చాసీ నంబరు కుడి ముందు చక్రం లోపలి వైపు ఉంటుందని నీకు తెలుసు. నా పొట్ట ఆ సందులో పట్టదని కూడా తెలుసు. అయినా దూరాను. బయటికి లాగడానికి ఇద్దరు కావలసి వచ్చింది. నలభై ఏళ్ల స్నేహితుడు నా దగ్గర రుజువు అడిగాడని ఎవరికీ చెప్పుకోలేదు. ఊరందరికీ తప్ప.

పని జోరుగా ఉంది. కేబిన్ వెనక గోడ కోశాను. చట్రం నిలబడింది. బల్ల ఎత్తు ఎంత ఉండాలో టేపుకు తెలీదు, కూర్చునే మోకాలికి తెలుసు. అందుకని సంత రోజున దోవన పోయే అవ్వల్ని పిలిచి, ఇటికల మీద పలక వేసి కూర్చోబెట్టి, మోకాళ్ల దగ్గర సుద్దగీత గీశాను. ఆకుకూరల చెంచమ్మ నాలుగుసార్లు ఎక్కి దిగింది. వెనక మెట్టు ఇంకా జానెడు దించమంది. అంత దించితే రాయి తగులుతుందన్నాను. “ఎక్కేది నువ్వు గాదులే నాయనా, దించు” అంది. దించాను. మెట్టును మడిచి పైకెత్తేట్టు కీలు పెడుతున్నాను. ఇది నీకు ఏ షెడ్డులోనూ దొరకదు.

నారాయణయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి తన ఇంజను ఎడ్లబండిలో వేసుకుని వచ్చాడు. నీ ఇంజను పక్కన పెట్టి రెండింటినీ పోల్చి చూశాం. రెండూ అన్నదమ్ముల్లాగ ఉన్నాయి. ఏది ఎవరిదో ఒక క్షణం నాకే తెలీలేదు.

నీ
పీరు


ఉదయగిరి,
14 మార్చి 1979

పీరుకు,

ఫిబ్రవరి అచ్చులు బుక్కుతో సరిపోయాయి. అది మాట్లాడటానికి రాయడం లేదు.

లారీ శీనయ్య నిన్న మా ఇంటికి వచ్చి చెప్పాడు. మొన్న ఆదివారం సాయంత్రం కలువాయి రోడ్డులో నా బండి చూశాడంట. పైకప్పు ఇంకా వేయలేదు, ఉత్త పైపుల చట్రం. దాని మీద పట్టుకుని వేలాడుతూ ఇరవై మందికి తక్కువ లేరు. ఎవరో పాడుతున్నారంట. నడుపుతున్నది నువ్వేనంట. బండి వెనక ఎడమ పక్కకు వాలి పోతోందని కూడా అన్నాడు.

శీనయ్య తాగడు. నాకూ వాడికీ తగవు లేదు. అబద్ధం చెప్పి వాడికి వచ్చేది లేదు.

నా బండికి కలువాయిలో ఏం పని? ఎక్కినవాళ్లు ఎవరు? బండి ఎందుకు వాలింది? ఈ మూడింటికి మూడు జవాబులు రాయి. తమాషాలు వద్దు. రెబెకమ్మ నీ పక్షం మాట్లాడుతోంది. పీరన్న అట్లా చేసే మనిషి కాదంటోంది. కానీ శీనయ్య చెప్పినప్పటి నుంచి నీ ఉత్తరాలు మూడుసార్లు చదివాను. వాటిలో నిజం ఏదో అబద్ధం ఏదో విడదీయలేకపోయాను. ఇన్నేళ్లలో విడదీయాలని ఎప్పుడూ అనిపించలేదు.

కొండలయ్య


ఆత్మకూరు,
22 మార్చి 1979

ఒరే కొండలయ్యా,

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. నాలుగో తరగతిలో ఇట్లా అడిగి ఉంటే పాసయ్యేవాణ్ణి.

కలువాయిలో ఒక పాత బస్సును ముక్కలు చేస్తున్నారని తెలిసి, దాని కిటికీ అద్దాలు నీ బండికి సరిపోతాయని పోయాను. తిరిగి వస్తుంటే దోవలో పెళ్లివాళ్ల బస్సు చెడిపోయి నిలబడి ఉంది. పెళ్లికొడుకు రోడ్డు మీద చేతులు జోడించాడు. అందరినీ ఎక్కించాను. లెక్క పెడితే ఇరవై ఇద్దరు. సన్నాయి ఆయన చట్రం మీద కూర్చున్నాడు. పెళ్లికొడుకు బానెట్ మీద కూర్చుని దారి చూపించాడు. పెళ్లికూతురు వాళ్లమ్మ నన్ను దీవించి, తన రెండో కూతుర్ని కూడా ఇస్తానంది. జైతూన్‌ను అడిగి చెప్తానన్నాను. ఈ సంగతి జైతూన్‌కు రాయొద్దు.

బండి వాలిందా? బండి వాలలేదురా. ఆ పాట విని శీనయ్య మెడ వాలి ఉంటుంది.

నీ అచ్చులు ఇందులో ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని, బైబిలు తెరిచి, వెలుతురులో కూర్చుని, బాగా పోల్చుకో. తొందరపడకు.

నీ
పీరు


ఉదయగిరి,
4 ఏప్రిల్ 1979

పీర్ మహమ్మద్ గారికి,

మీ మార్చి 22 నాటి ఉత్తరం, అచ్చులు అందినవి.

ఇంజను నంబరు సరిగ్గా ఉన్నది. చాసీ నంబరులో చివరి అంకె ఆర్.సి. బుక్కులో ఎనిమిది. ఫిబ్రవరిలో మీరు పంపిన అచ్చులోనూ ఎనిమిదే. ఇప్పుడు పంపిన దానిలో మూడు. కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూశాను. రెబెకమ్మకు చూపించాను. బడిలో లెక్కలు చెప్పే మాస్టారికి చూపించాను. ముగ్గురికీ మూడుగానే కనిపించింది.

చాసీ అంటే బండికి వెన్నెముక. అది మారితే మిగిలిన బండి నాది కాదు. మార్చి నెలలో నా బండి కలువాయి పోయింది, వాలి వచ్చింది, ఆ తర్వాత నంబరు మారింది. పెళ్లికొడుకును బానెట్ మీద కూర్చోబెట్టారని మీరు రాసినది నేను నమ్మలేదు. అక్కడ ఎవరి చాసీ తీసుకుని ఎవరికి ఏది ఇచ్చారో మీకు తెలుసు.

రెండు అచ్చులనూ జతచేసి నెల్లూరులో బ్రేకు ఇన్‌స్పెక్టరు గారికి అర్జీ పంపించాను. వారు వచ్చి చూసేదాకా బండిని షెడ్డు దాటించవద్దని మనవి.

ఇట్లు,
పి. కొండలయ్య


ఆత్మకూరు,
10 ఏప్రిల్ 1979

ఒరే, గారు ఏందిరా?

అది పుట్టీ. రేకు సొట్టలు పూడ్చే పుట్టీ. ఎనిమిదికి ఎడమ వైపు కాస్త పూసి అచ్చు తీశాను, మూడు పడింది. నిన్ను ఏడిపించడానికే చేశాను. నెలనెలా రుజువు అడుగుతున్నావని ఒళ్లు మండింది. నువ్వు ఎగిరి పడి నాలుగు తిట్లు రాస్తావని, నేను నవ్వుకుంటానని అనుకున్నా. అర్జీ పెడతావనుకోలేదు.

నీ ఉత్తరం చదవగానే కిందికి దూరి, ఇనప బ్రష్షుతో పుట్టీ అంతా గీకి పారేశాను. మళ్లీ అచ్చు తీశాను, ఇదిగో. ఎనిమిది. చూసుకో. వెంటనే ఇన్‌స్పెక్టరుకు ఒక ముక్క రాసి అర్జీ వెనక్కి తీసుకో. బాడీకి రేకు తొడగడం అయిపోయింది, రంగు వేయాల్సి ఉంది.

పీరు


ఉదయగిరి,
16 ఏప్రిల్ 1979

పీర్ మహమ్మద్ గారికి,

ఇప్పటికి నాకు మూడు చాసీ అచ్చులు వచ్చినవి. రెండింటిలో ఎనిమిది, ఒకదానిలో మూడు. మూడూ మీరే పంపారు. దేనిని నమ్మాలో ఇన్‌స్పెక్టరు గారే చెబుతారు.

పి. కొండలయ్య


ఆత్మకూరు,
19 మే 1979

కొండలయ్యా,

నిన్న ఇన్‌స్పెక్టరు క్యాంపు ఆత్మకూరులో జరిగింది. బండి తీసుకుపోయాను. ముందు బండి ఎట్లా ఉందో చెప్తాను, ఎందుకంటే నువ్వు ఇంకా చూడలేదు. పైన మీగడ రంగు, కింద నీలం. ఒక్క చోట కూడా రేకు ఉబ్బలేదు. అద్దాలు వేలితో జరిపితే జరుగుతాయి. వెనక తలుపు మూస్తే చప్పుడు రాదు. బస్టాండులో దిగినవాళ్లు నెల్లూరు ఆఫీసరు వచ్చాడనుకుని చేతులు కట్టుకున్నారు. నా జన్మలో నేను కట్టినవాటిలో ఇది మంచిది. ఇది తమాషా కాదు.

ఇన్‌స్పెక్టరు బాడీ వైపు చూడలేదు. చేతిలో నీ అర్జీ ఉంది. తిన్నగా వచ్చి కుడి చక్రం దగ్గర వంగి టార్చి వేశాడు. అంకె ఎనిమిదే. కానీ దాని చుట్టూ ఇనప బ్రష్షు గీతలు కొత్తగా తళతళమంటున్నాయి. మిగిలిన అంకెల మీద ఇరవై ఏళ్ల మడ్డి ఉంది, ఈ ఒక్క అంకె మాత్రం నిన్న పుట్టినట్టు ఉంది. నేను పుట్టీ గీకిన చోటు. నంబరు అరగదీసి కొత్తది కొట్టినా అచ్చం అట్లాగే ఉంటుంది. అది నాకు అప్పుడే తెలిసింది.

“ఏందయ్యా ఇది?” అన్నాడు.

పుట్టీ పూసి గీకినానని చెప్పాను.

“ఎందుకు పూసినావు?”

“తమాషాకి సార్” అన్నాను.

అక్కడ నలభై మంది ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. నేను చెప్పినదానికి ఎవరూ నవ్వకపోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

బండిని పాసు చేయకుండా ఆపేశాడు. నేను ఏమేం చేశానో నా చేత్తో రాసి నెల్లూరు ఆఫీసులో ఇరవై ఎనిమిదో తేదీన ఇవ్వాలంట. అర్జీ పెట్టినాయన దాని కింద సంతకం చేస్తేనే నంబరు గొడవ వదిలేస్తాడంట. లేదంటే చాసీని పరీక్షకు పంపిస్తాడు. పంపితే ఎన్ని నెలలో ఎవరికీ తెలీదు. జూన్ ఒకటి పోయినట్టే.

సంతకం పెట్టు. నీ పని కోసమన్నా పెట్టు.

పీరు


ఉదయగిరి,
23 మే 1979

పీరుకు,

గారు రాసేదానికి ఓపిక లేదు.

సంతకం పెట్టమన్నావు. దేని కింద పెట్టాలి? నంబరు నిజమేనని ఇప్పుడు నమ్ముతున్నాను. గీతల సంగతి నువ్వే ఒప్పుకున్నావు, దాన్ని కల్పించి నీకు వచ్చేది లేదు. కానీ ఒకటి అడుగుతాను. నేను మూడు ప్రశ్నలు అడిగాను. మూడోదానికి శీనయ్య మెడ అన్నావు. ఆ తర్వాత చాసీ నంబరుతో ఆట మొదలుపెట్టావు. నేను రెండు నెలలు నంబరు చూస్తూ కూర్చున్నాను, వాలిన సంగతి మరిచిపోయాను. మొన్న రెబెకమ్మ కర్ర పట్టుకుని నడవడం నేర్చుకుంటూ, ఒక పక్కకు వాలి, గోడ పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది.

నువ్వు నన్ను నంబరు వైపు ఎందుకు చూడమన్నావు పీరూ?

నేను అక్కడికి రాను. నీ ముఖం చూస్తే నవ్వొస్తుంది, నవ్వితే నమ్ముతాను. అందుకే కాగితం మీద రాయి. ఏది జరిగిందో, ఏది కల్పించావో విడదీసి, పోలీసు స్టేషనులో సాక్షి చెప్పినట్టు రాయి. ఆ బండిలో నేను ఒక్కణ్ణి పోను. జబ్బు మనుషుల్ని ఎక్కించుకుని, కొండవాలులో, రాళ్లలో పోతాను.

డాక్టరమ్మ మందుల కోసం ఇరవై ఎనిమిదిన నెల్లూరు వస్తుంది. బండి ఉందా లేదా అన్నది ఆ రోజుకు చెప్పమంది.

కొండలయ్య


ఆత్మకూరు,
3 జూన్ 1979

కొండలయ్యా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు రంగు డబ్బాలు కడుగుతున్నాను. చదివి లోపలికి పోయి కూర్చున్నాను. జైతూన్ ఏమైందని అడిగింది. “దొరికిపోయినాను” అన్నాను.

సాక్షి చెప్పినట్టే రాస్తున్నాను.

నారాయణయ్య నా షెడ్డుకు ఎప్పుడూ రాలేదు. ఆయన్ను నేను రోడ్డు మీద తప్ప చూడలేదు. మొదటిసారి వచ్చింది, నీ ఇంజను విన్నది, ఎడ్లబండిలో ఇంజను తెచ్చింది, అంతా నేను కల్పించాను. నీ ఇంజనులో ఒక బోల్టు కూడా మారలేదు. బండిని మొదటి వారం ముట్టుకోలేదని నువ్వు కనిపెట్టింది నిజం. చెంచమ్మ మెట్టు దించమన్నది నిజం.

కలువాయికి అద్దాల కోసం పోయిన మాట నిజం. పెళ్లివాళ్లు నిజం. ఇరవై ఇద్దరు నిజం. పెళ్లికొడుకు బానెట్ మీద కూర్చోలేదు, నా పక్కన కూర్చున్నాడు. రెండో కూతురి మాట కల్పించాను. నువ్వు నమ్మకుండా ఉండాలనే మొత్తాన్ని అట్లా రాశాను. మామూలుగా రాస్తే నమ్ముతావు, నమ్మితే ఇంకా అడుగుతావు.

అడిగితే దోవలో వాగు దగ్గర జరిగినదాని దాకా వస్తావు. జనం పాడుతున్నారు, నాకు హుషారు పుట్టింది. నీ బండి, నా చట్రం, ఎంత బరువైనా మోస్తుందని వాళ్లకు చూపించాలనిపించింది. వాగులో నెమ్మదిగా దిగాల్సింది, దూకించాను. ఎడమ వెనక చక్రం గుంటలో పడింది. చప్పుడు వినిపించింది. పాటలో అది ఎవరికీ వినపడలేదు, నాకు వినపడింది. వాళ్లను వాళ్ల ఊరి దగ్గర దించి, షెడ్డుకు వచ్చి కింద చూశాను. ఎడమ పక్క చాసీ కమ్మీ వెనక యాక్సిలు దగ్గర వేలెడు పొడుగున పగిలింది.

ఆ మరుసటి రోజే వెల్డింగు పెట్టి అతికించాను. పైన నల్లరంగు కొట్టాను. చాసీని అట్లా అతకకూడదని నాకు తెలుసు. వేడికి ఆ చోటు పెళుసవుతుంది. రెండు నెలలు బాగానే ఉంటుంది, తర్వాత ఒక రోజు దాని పక్కనే విరుగుతుంది. లోపల మనుషులు ఉంటారు. తెలిసీ చేశాను. నువ్వు వాలింది ఎందుకని అడిగేసరికి భయమేసింది. నిన్ను వేరే వైపు చూసేట్టు చేయాలని పుట్టీ పూశాను. ఏడిపించడానికి పూశానని రాసింది సగం నిజం. మిగతా సగం ఇది.

ఇరవై ఎనిమిదిన నెల్లూరు పోయాను. రెండు కాగితాలు రాసుకుని పోయాను. ఒకదానిలో నంబరు సంగతి, ఒకదానిలో పగులు సంగతి. రెండోది ఇవ్వకపోయినా ఆయనకు తెలిసేది కాదు. ఆఫీసు మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. రెండూ ఇచ్చాను. ఆయన రెండోది చదివి, ఇంత తప్పు రాసిచ్చినవాడు ఒక అంకె గురించి అబద్ధం ఆడడని, నంబరు గొడవ పక్కన పెట్టాడు. “ఈ అతుకుతో మనుషుల్ని ఎక్కించేదానికి లేదు. రివెట్లు కొట్టి వచ్చే క్యాంపుకి తీసుకురా” అన్నాడు. వచ్చే క్యాంపు జూన్ ఇరవై రెండున.

అక్కడి నుంచి మందుల అంగడికి పోయి డాక్టరమ్మను కలిశాను. నువ్వు చెప్పాల్సిన పని అది, నేను చేసిన తప్పుకు నువ్వు ఆమె ముందు తల దించకూడదని నేనే పోయాను. అంతా చెప్పాను. ఆమె విని నవ్వింది. ఈ నెల తిరుపాలు జీపు చూస్తాను, జులై నుంచి కొండలయ్యనే పెట్టుకుంటాను అంది.

తిరిగి వచ్చి వెల్డింగు అంతా కోసి తీశాను. పగులు కొసన చిన్న రంధ్రం వేశాను, ఇంక పాకకుండా. లోపలొక పట్టీ, బయటొక పట్టీ పెట్టి, రివెట్లు ఎర్రగా కాల్చి కొట్టాను. పదహారు. నాలుగు రోజులు పట్టింది. నా మాట నమ్మొద్దు. రెబెకమ్మక్కను ఎవరి దగ్గరన్నా ఒక పూట ఉంచి బస్సెక్కిరా. సుత్తి నేనే ఇస్తాను. కిందికి దూరి ఒక్కో రివెట్టు మీద కొట్టి విను. పట్టినది ఖంగుమంటుంది, వదులుగా ఉన్నది దబ్బుమంటుంది. ఇరవై రెండేళ్లు ఆ బండి చప్పుళ్లు విన్నవాడివి, నీకు తేడా తెలుస్తుంది. ఒక్కటి దబ్బుమన్నా పదహారూ పీకి మళ్లీ కొడతాను. ఆ తర్వాతే నంబరు కాగితం కింద సంతకం పెట్టు. దాని నకలు నా దగ్గర ఉంది, సంతకానికి చోటు వదిలాను.

ఇంకొకటి మిగిలింది. ఈ ఉత్తరంలోదే. డాక్టరమ్మ నవ్విందని పైన రాశాను. నవ్వలేదు. జులై మాట అనలేదు. తిరుపాలుకు రమ్మని కబురు పెట్టానని మాత్రం చెప్పింది. నన్ను అడిగింది ఒకటే. “ఆ పగులు సంగతి కొండలయ్యకు తెలుసా?” అని. ఇంకా తెలీదమ్మా అన్నాను. “అయితే నాకెందుకు చెప్తున్నావు? ముందు ఆయనకు చెప్పు” అంది. అంతే. జులై నేను కల్పించింది. నీకు కాస్త ఊరటగా ఉంటుందని రాసేశాను, చేతికి అలవాటయిపోయింది. కొట్టివేయకుండా అట్లాగే వదిలాను, నేను ఎట్లా చేస్తానో నువ్వు చూడాలని.

పెళ్లివాళ్లు నిజం. పగులు నిజం. రివెట్లు పదహారు నిజం. నీ పని నా వల్లే పోయింది, అదీ నిజం.

పీర్ మహమ్మద్